నాలుగో పాదం

పుంగనూరు,
12-6-1979.

చిరంజీవి సుభద్రకు నాయన దీవెనలు.

"అమ్మకు రవంత బాగలేకపోయినా ఆ పొద్దే మనిషిని పంపిస్తా, నువ్వు పోయిరాప్పా" అని నలభై ఏళ్ళ కిందట మా అన్న నాకు మాట ఇచ్చాడు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ మాటే చెవిలో ఉంది. అందుకే క్షేమం కంటే ముందు అది రాశాను. ఇక్కడ మీ అమ్మా నేనూ కుదురుగానే ఉన్నాం. కుప్పంలో నువ్వూ, అల్లుడూ, పసివాడూ చల్లగా ఉండాలి.

కళ్ళ సంగతి అడిగావు. ఎడమ కంటికి పొర కమ్మింది, చదవడం మాత్రం మానలేదు. వానల సంగతి అడిగావు. ఒక పదును పడింది, చెనిక్కాయలు విత్తారు.

ఇక అసలు సంగతి, బిడ్డ ఉయ్యాల పాట. "తొట్లో యేసే దినం మా అత్త అరవ పాట పాడతాదంట నాయనా. నేను మన పాట పాడల్ల. పెదనాయన పేరుకు జతపడే మాటలు రాసి పంపు" అన్నావు. పోయిన ఏడు చనిపోయిన మా అన్న పేరే బిడ్డకు పెట్టారని నాకు తెలిసింది ఆ వాక్యంలోనే. మీ అమ్మకు ముందే తెలుసు. ఉత్తరం పక్కన పడేస్తే, "పోయినోడి మీద యాల ఇంకా కోపం? పేరేం చేసినాది నిన్ను?" అని దెప్పింది.

మదనపల్లె సభల్లో శాలువాలు కప్పించుకునే కవులను నువ్వు అడగకపోవడం మంచిదైంది. పాదాల చివర ఒకే అక్షరం తగిలించి ప్రాస కుదిరిందంటారు వాళ్ళు. మన పాటకు ప్రాస పాదంలో రెండో అక్షరం.

అది పుస్తకాల్లో నేర్చుకున్నానని అందరికీ చెప్పాను, నీకు కూడా. కాదమ్మా. మా అన్నతో కపిల తోలుతూ నేర్చుకున్నాను. ఎద్దులు వెనక్కి నడిచి తోలుసంచి బావిలోకి దిగేటప్పుడు వాడొక మాట విసిరేవాడు. సంచి నీళ్ళతో పైకి వచ్చేలోపు నేను జతమాట చెప్పాలి. తడబడితే, "నోట్లో నాలిక ఉండాదా, ఎద్దులు మేసినాయాప్పా?" అని నవ్వేవాడు.

అలాంటివాడు, నేను కుప్పం పక్కన వీధినాటకానికి పాటలు కడుతూ ఉంటే, అమ్మ మంచం పట్టిందని కబురే పంపలేదు. నేను వచ్చేసరికి గుంత మీద మట్టి ఆరిపోయింది. "నాటకం నిలిచిపోతాది, నీ పేరు చెడతాదని చెప్పలేదప్పా" అన్నాడు. నా పేరు సంగతి వాణ్ణి ఎవరడిగారు? పోయేదాకా అమ్మ వాకిలి వైపే చూస్తూ "చిన్నోడు వచ్చినాడా?" అని అడిగిందట.

నీ పాటకు మొదట తోచిన మాట "నమ్మించి". కొట్టేశాను. ఉయ్యాలలో ఆ మాట వద్దు. తరువాత ఇవి వచ్చాయి:

కొమ్మ గూటిలోన గువ్వ పండె జోజో
తుమ్మెద పూరేకు కప్పుకొనె జోజో
అమ్మ చేతి ఊపు ఆగదయ్య జోజో

నాలుగో పాదం పేరుతోనే మొదలు కావాలి. అది నువ్వే కట్టుకో అందామని కలం మూశాను. నా చేత్తో ఆ పేరు రాసి నలభై ఏళ్ళయింది. కానీ కుంటి పాట పంపడానికి నీ బిడ్డ నాకేం చేశాడు? మళ్ళీ కలం తెరిచాను:

తిమ్మప్ప మా అప్ప పండవయ్య జోజో

ఇది పసివాడికే. మా అమ్మ కడచూపు నాకు దక్కకుండా చేసిన నేరం మాత్రం నాకు ప్రాస నేర్పినవాడిదే, మా అన్న తిమ్మప్పదే.

ఇట్లు,
మీ నాయన.