సీడీ అట్ట మీద కిటికీ

అక్కా,

కూర్చుని చదవకు, బట్టలు సర్దుకుంటూ చదువు. ఫోన్ పెట్టుకోవద్దని నేనే అన్నాను కాబట్టి ఉత్తరం రాయాల్సొచ్చింది.

బ్యాండు వాళ్ల కొత్త సీడీకి అట్ట డిజైన్ చేశాను కదా, ఆ బొమ్మలో కిటికీ దగ్గర కూర్చున్నది నువ్వే. వెనకనుంచే గీశాను, ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. కానీ నీ గది కిటికీ అవతల గడియారాల కొట్టు బోర్డుని, ఊరి పేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా దించాను. పనితనం చూపించుకోవాలన్న పిచ్చి నాది.

ఎనిమిది నెలలుగా నిన్ను వెతుకుతున్న బావ, పొద్దున ఆ అట్ట పట్టుకుని ప్రెస్సుకొచ్చాడు.

"మీ అక్క కూర్చునే తీరు మారలేదు. ఎక్కడిదీ కిటికీ?" అన్నాడు నవ్వుతూ.

"ఊహించి గీశాను బావా."

ఆయన బోర్డు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. అట్టని జేబులో పెట్టుకుని, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

మిగిలిన అట్టలు ఆపించాను, కానీ కొట్లకి వెళ్లినవి వెళ్లిపోయాయి. ఉత్తరం తెచ్చినాయన బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు, నమ్మదగ్గ మనిషి. కింద ఆయన వ్యాను ఉంది. పాప చెప్పులు కనపడకపోతే వదిలెయ్, ఎత్తుకుని దిగు.

నన్ను తిట్టడానికి తర్వాత బోలెడు టైముంటుంది. ముందు వ్యానెక్కు.

నీ చెల్లి