వంటింటి స్లాబు

మార్చి 5, బుధవారం
నాన్న నిన్న పోయాడు. ఆ మాట రాసి, మళ్లీ చదువుకున్నాను. ఏమీ అనిపించలేదు.
తాపీమేస్త్రి కదా, ఆదివారం మా కొత్త వంటింటికి తనే స్లాబు వేశాడు. నిన్న పొద్దున దానికి నీళ్లు పెడుతూ పైనే కూలబడ్డాడు. పైపు చేతిలో అలాగే ఉంది. నీళ్లు నిచ్చెన మీదుగా పెరట్లోకి... నేను ముందు కుళాయి కట్టేశాను. ఆ తర్వాతే నిచ్చెన ఎక్కాను. ఎందుకలా చేశానో తెలీదు.

మార్చి 6
ఎండ. స్లాబు మీద నీళ్లు నిలవడానికి నాన్న కట్టిన మట్టి మడుల్లో చుక్క లేదు. రెండు రోజులుగా ఎవరూ పైకి చూడలేదు. "పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. ఆరితే పగిలిపోద్ది" అనేవాడు.
పైపు పట్టుకుని ఎక్కాను. నాన్న అక్క, పలాస అత్త, కింద నుంచి కేకేసింది.
"ఏటమ్మా అది? మైలలో ఇంటిపని సేత్తారేటి? మీ బాబు పేనం ఉసూరుమంటాది."
తమ్ముడు గుండుతో గుమ్మంలో నిలబడి, "రహ్నే దో దీదీ, వదిలెయ్" అన్నాడు. టాటానగర్‌లో పుట్టి పెరిగినవాడు, వాడికి హిందీయే ముందొస్తుంది.
ఆపలేదు. ధైర్యమేం కాదు. చేతికేదో పని కావాలి, అంతే.

మార్చి 7
నీళ్లు. రెండు పూటలా.

మార్చి 8
నీళ్లు. ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకామె, నాకు వినపడేట్టే — "రాయిలాగుంది పిల్ల." నిజమే.

మార్చి 10
జుగ్సలాయి బజారు నుంచి సేఠ్ వచ్చాడు. వాళ్ల గోడౌను నాన్నే కట్టాడు. ఇన్నేళ్లయినా గోడలకు చెమ్మ లేదని హిందీలో మెచ్చుకున్నాడు. పక్కింటామె మా రేకుల కిందే టీ పెట్టి ఇచ్చింది.
ఊళ్లో ఎన్ని వంటిళ్లు కట్టాడో! అమ్మకు మాత్రం ఇరవై ఏళ్లుగా ఆ రేకులే. ఎండాకాలం పొయ్యి కింద, నిప్పు పైన. సణిగితే నవ్వేవాడు — "నీది ఆకర్న కడతానే. అప్పటికి నా సెయ్యి బాగా తిరిగుంటాది."
ఆఖర్నే కట్టాడు.

మార్చి 14
వీధిలో హోలీ. రంగులతో పిల్లలు మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు.
నిన్న పదో రోజు. నాన్న పేర దీపం పెట్టిన చోట బియ్యప్పిండి జల్లి గంప బోర్లించారు. పోయిన మనిషి వచ్చి ఇల్లు చూసుకుని వెళ్తే పిండిలో అడుగు పడుతుందట. పొద్దున అత్త గంప ఎత్తింది. ఏమీ లేదు. పిండి నున్నగా, జల్లింది జల్లినట్టే ఉంది.
"రానేదు నా తమ్ముడు. మైలలో ఇది నీల్లు మోసింది కదా, కోపమొచ్చింది ఆడికి."
అందరూ నావైపే చూశారు.
స్లాబు నునుపు చేసేటప్పుడు నాన్న వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చేవాడు. చివరికి తను నిలబడ్డ చోటు కూడా తాపీతో చెరిపేసి దిగేవాడు. "మేస్త్రి అడుగు కనపడితే అదేం పని?" అనేవాడు.
ఆ మాట వాళ్లకు చెబుదామనుకున్నాను. పైపు తీసుకుని నిచ్చెనెక్కాను.

మార్చి 16
పద్నాలుగు రోజులయ్యాయి. ఇక అక్కర్లేదు. అయినా పెట్టాను... మానడం చేతకాలేదు.

మార్చి 19
టాటానగర్‌లో అత్తను రైలెక్కించాం. కదిలే ముందు కిటికీలోంచి —
"పగిలిందేటి?"
"లేదత్తా."
"ఊఁ" అంది. అరటిపళ్ల సంచిలోంచి రెండు తీసి నా చేతిలో పెట్టింది.

మార్చి 22, శనివారం
అప్పన్న బాబాయి వచ్చాడు. నాన్నతో పాతికేళ్లు పనిచేసిన మనిషి. స్లాబు కింద ఆన్చిన వెదురు బొంగుల్ని ఒక్కొక్కటీ తట్టి చూశాడు.
"రేపు పీకేత్తానమ్మా." వెళ్లకుండా అలాగే నిలబడ్డాడు. "మరి... కింద ఎవురు?"
బొంగులు పీకేటప్పుడు నాన్న స్లాబు కింద నిలబడేవాడు. ప్రతి ఇంట్లోనూ. ఇంటివాళ్లు వద్దని మొత్తుకున్నా సరే. "కట్టినోడికే నమ్మకం లేకపోతే ఉండేవోలకేటుంటాది?"
ఇది నాన్న వేసిన స్లాబు. నీళ్లు మాత్రం నావి. ఆ రెండు రోజులు ఆరిపోయిన సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. బాబాయికి చెప్పేశాను. ఆయన పైకి చూశాడు, బొంగుల వైపు చూశాడు.
తమ్ముడు, "మై ఖడా హో జాఊంగా, నేను నిలబడతా" అన్నాడు.
"నువ్వొద్దు. నేను."
అమ్మ ఇన్నాళ్లూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. లేచింది. ఒక చేత్తో పీట, ఒక చేత్తో చేట. బొంగుల మధ్య నుంచి వంగి వెళ్లి, పొయ్యి రావలసిన మూల పీట వేసింది.
"నిల్చోడమెందుకు? కూకుంటాను. రేపు బియ్యం ఇక్కడే ఏరతాను."
"వదినా... పిల్ల సెప్పింది ఇన్నావు కదా? ఒకేల—"
"ఇన్నాను. నా వంటిల్లే కదా" అంది అమ్మ.
బాబాయి వెళ్లిపోయాడు. పీట అక్కడే ఉంది. చేట దాని మీద.
నేను పైకెక్కి మడుల నిండా నీళ్లు పెట్టాను. ఇప్పుడు పెట్టినా ప్రయోజనం లేదని తెలుసు.