మా ఇంటికి వచ్చిన ఇటలీ ఆయన

సోంపేటలో ఉన్న మా పెద్దక్కకు,

యాంగోన్ నుంచి నీ చెల్లెలు సావిత్రి. నువ్వు, బావగారు, పిల్లలు చల్లగా ఉన్నారని అనుకుంటూ ఇది మొదలుపెడుతున్నాను. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? మా గురించి దిగులు పెట్టుకోకు. మీ మరిది ఆపరేషన్ తర్వాత బాగా కోలుకున్నారు. మెత్తగా వండితే అన్నం తింటున్నారు, కొట్టుకు కూడా వెళ్తున్నారు. నిజంగా బాగున్నారు. కానీ ఫోనులో చెప్పలేని సంగతి ఒకటుంది. ఉన్నవి రెండు గదులు, అందరి చెవులూ ఇటే. అందుకే విశాఖ వస్తున్న పక్కింటివాళ్ల చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు. బట్టలు ఆరవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. గోంగూరకు మాత్రం లోటు లేదు, బర్మావాళ్లకూ అదంటే ప్రాణం. అయినా కూర ఉడుకుతున్న వాసనకు నువ్వే గుర్తొస్తావు.

లమ్మడా పేటలో మా పప్పుల కొట్టు అంతంతమాత్రంగా ఉందని, నేను సంచౌంగ్‌లో ఒక ఇటలీ ఆయన కొట్లో పనికి చేరానని చెప్పాను కదా. ఆయన పేరు పావ్‌లో. ఇక్కడ పెద్దవాళ్లను గౌరవంగా మగవాళ్లయితే ఊ అని, ఆడవాళ్లయితే దా అని పిలుస్తారు. అలా అందరికీ ఊ పావ్‌లో. ఎప్పుడో హోటల్లో వంటకు వచ్చి, దా మ్యా అనే ఇక్కడి ఆవిడను పెళ్లాడి ఉండిపోయారు. రొట్టెలు కాలుస్తారు, చీజు, మాంసం అమ్ముతారు. కొనే తెల్లవాళ్లు చాలామంది దేశం వదిలిపోయారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురూ బ్యాంకాక్ వెళ్లిపోయింది. ఆయన మాత్రం లుంగీ ఎగ్గట్టి పొద్దున్నే పిండి పిసుకుతూనే ఉంటారు.

మీ మరిదికి కడుపులో పుండు పగిలినప్పుడు రక్తం కావాలన్నారు. మావాళ్లెవరిదీ కలవలేదు. నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే ఊ పావ్‌లో చేతులకు పిండితోనే వచ్చి రక్తం ఇచ్చారు. అది మా అత్తగారికి చెప్పొద్దని మీ మరిది నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆవిడ మడి సంగతి నీకు తెలుసు కదా.

మీ మరిది ఇల్లు చేరాక ఆయన చూడటానికి వచ్చారు. మేం మాంసం ముట్టమని, గుడ్డు కూడా వేయకుండా, కొత్త గిన్నెలో పిండి కలిపి రొట్టె కాల్చి తెచ్చారు. అత్తగారు గుమ్మం దాటనివ్వలేదు. మెట్ల దగ్గర స్టూలు వేయించి, విడిగా ఉంచే సత్తు గ్లాసులో టీ ఇప్పించారు. మీ మరిది లోపల లేవలేని స్థితిలో ఉన్నారు. ఆయన టీ తాగి, నవ్వుతూ చేతులు జోడించి దిగిపోయారు. వెంటనే అత్తగారు ఆ రొట్టెను బాల్కనీ నుంచి కింద కుక్కలకు విసిరేశారు. వాన పెద్దదై ఆయన ఎదురింటి చూరు కింద నిలబడి ఉన్నారు. అంతా చూశారు. తలెత్తి బాల్కనీలో ఉన్న నన్నూ చూసి, ఏమీ చూడనట్టు మొహం తిప్పుకున్నారు. అక్కా, నేను నోరు విప్పలేదు.

మర్నాడు పనికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఎలాగో వెళ్లాను. ఆయన ఎప్పటిలాగే అన్నం తిన్నావా అని అడిగారు. నేను క్షమించమనబోతే చెయ్యెత్తి ఆపారు. పెళ్లయిన కొత్తలో దా మ్యాను తమ ఊరు తీసుకెళ్తే, వాళ్లమ్మ కోడల్ని అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోనివ్వలేదట. వంటింట్లో ఒక్కదానికే పెట్టిందట.

"నేను తల వంచుకుని తింటూనే ఉన్నాను. ఇప్పుడు అమ్మ లేదు. అది తప్పని ఇక ఎవరికి చెప్పను?" అన్నారు.

దా మ్యా పక్కనే రొట్టెలు సర్దుతోంది.

ఆ సాయంత్రం ఒట్టు గట్టున పెట్టి, మీ అబ్బాయి ఒంట్లో ఉన్నది ఆయన రక్తమేనని అత్తగారికి చెప్పేశాను.

"ముందే ఎందుకు సెప్పలేదు? నా సేత ఎంత పని సేయించినారు," అన్నారు ఆవిడ.

ఆదివారం వాళ్లిద్దరినీ భోజనానికి పిలిచాను. అత్తగారు పొద్దున్నే గుడికని వెళ్లిపోయారు. మేం నలుగురం కింద చాపల మీద కూర్చున్నాం. భోజనం సగంలో ఉండగా ఆవిడ తిరిగొచ్చారు. చూస్తూనే ఊ పావ్‌లో ఎంగిలి చేత్తో లేచి గోడకు అంటుకుని నిలబడ్డారు. మీ మరిది ప్రాణం నిలబెట్టిన మనిషి మా ఇంట్లో దొంగలా నిలబడితే, సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది.

"కూకోమను. అన్నం ముందరి నుంచి మనిషి లెగకూడదు," అన్నారు అత్తగారు నాతో.

నేను బర్మా భాషలో చెప్పాను. ఆయన కూర్చున్నారు. ఆవిడ కాళ్లు కడుక్కొచ్చి, నెయ్యి గిన్నె తీసుకుని, ముందు దా మ్యా విస్తట్లో వడ్డించారు. దా మ్యా కళ్లు తుడుచుకుంటే, కారం ఎక్కువైందేటని అడిగారు.

ఆవిడ ఆపాటైనా చేశారు. రొట్టె విసిరేసిన రోజు నేను అదీ చేయలేదు. ఈ సంగతి అమ్మకు చెప్పకు, బాధపడుతుంది. వీలైతే కాస్త మంచి ఇంగువ పంపు. అమ్మకు, బావగారికి నా దండాలు చెప్పు, పిల్లలకు నా ముద్దులు. నీ దీవెన నాకు కావాలి అక్కా, తిట్టాలనిపిస్తే ముందు తిట్టి అప్పుడే దీవించు.

నీ చెల్లెలు
సావిత్రి