అంగారకుడి మీద నీ కాలువ చట్టం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మా ఆళ్లగడ్డ బడిపిల్లలు ఈరోజు నంద్యాలలో గెలిచారు. అంగారకుడి మీద ఊరు కడితే ప్రభుత్వం, చట్టాలు ఎలా ఉండాలో రాసే పోటీ అది. గాలి వాల్వు తిప్పేవాడి గదికి గాలి అందరికంటే చివర అందాలన్నది వాళ్ల మొదటి చట్టం.

రుద్రవరంలో కాలువ తూము తిప్పే పని నీదే అయినా, మన మడికి చివరనే నీళ్లు పెట్టేవాడివి. ఒక ఏడు మన వరి ఎండిపోతే నెల రోజులు నీతో మాట్లాడలేదు నేను. ఆ సంగతే పిల్లలకు చెప్పాను.

"ఈ చట్టం ఏ దేశానిదమ్మా?" అని న్యాయనిర్ణేత అడిగాడు.

జట్టులోని మా మేరీ తడుముకోలేదు. "రుద్రవరం కాలవది సార్. ఆడ తూము తిప్పే ఆయప్ప మడికే కడాన నీళ్లు."

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే, నాయనా.