పదకొండు ఆదివారాలు

అక్కా,

పేపర్లో పడ్డ నా గోడ బొమ్మని ఇరుగుపొరుగు అందరికీ చూపిస్తున్నావని బావ చెప్పాడు. దయచేసి దాన్ని చించి పారెయ్.

అది నువ్వు మూడు నెలలు ఉన్న మానసిక ఆసుపత్రి గోడే. మనిషి మనసుని బొమ్మగా వెయ్యమని వాళ్లు పిలిస్తే ఎగిరి గంతేసి వెళ్లాను. నా పద్ధతి నీకు తెలుసుగా. ముందు పాత సున్నం గీకుతాను. కింద దొరికిన పిచ్చిరాతల మీద స్ప్రే రంగులు చల్లి, అర్థం కాని ఆకారాలు వేస్తాను. జనం దాన్ని లోతు అంటారు.

ఈసారి గీకితే నీ చేతిరాత బయటపడింది. "తమ్ముడు ఈ ఆదివారం వస్తాడు." పదకొండు సార్లు రాశావు. ప్రతిదాని చివరా, చిన్నప్పుడు నువ్వు నా లెక్కల పుస్తకంలో వేసిపెట్టిన పిచ్చుకే. ఫోటో చిన్నది కాబట్టి నీకు కనబడి ఉండదు.

గుర్తుపట్టగానే రంగు డబ్బా కింద పెట్టేయాల్సింది. పెట్టలేదు. బొమ్మకి భలే కుదిరిందే అనుకున్నాను. థూ, నా బతుకు! చుట్టూ ఎర్రరంగు కొట్టి, నీ రాతనీ పిచ్చుకల్నీ మాత్రం జాగ్రత్తగా వదిలేశాను.

ప్రారంభం రోజున పెద్ద డాక్టరు నా భుజం తట్టి, "అచ్చం పేషెంటు రాసినట్టే ఉందండీ! ఎలా ఊహించారు?" అన్నాడు.

"ఏళ్ల సాధనండీ" అన్నాను, నవ్వుతూ.

దూరాన ఎక్కడో పనిలో ఇరుక్కుపోయానని అప్పట్లో నీకు కబురు పెట్టాను కదా. అబద్ధం. ఆ పదకొండు ఆదివారాలూ నేను ఊళ్లోనే ఉన్నాను అక్కా.

నీ తమ్ముడు