వరద తరువాత మొదటి గిటారు

భద్రాచలం, ఆదివారం రాత్రి

గోదావరి వరదలో గిటార్లన్నీ పోయిన తరువాత, నేడు పాల్వంచలో పాత గిటారొకటి కొన్నాను. నా సేకరణ పునఃప్రారంభమైనదని సరోజకు గంభీరంగా ప్రకటించాను.

"మళ్ల మొదలుపెట్టినవా? నీళ్లు మంచమెక్కవని అన్నీ మంచం మీద పేర్చినవ్ గదా! రాత్రిబడికి పోయి నేర్చుకున్న తెలివి గిదేనా?" అన్నది మా ఆవిడ.

వాపసు ఇమ్మంటుందేమోనని భయపడ్డాను. ఆమె నిచ్చెన వేసి, అటక మీది బియ్యం మూట దింపి, ఆ చోట గిటారును పెట్టింది.

"వానకాలం పోయేదాక గిది కిందికి దిగొద్దు."

కావున ఈ సాయంత్రం నిచ్చెన పై మెట్టున కూర్చుండి, తల వాసానికి తగులుతుండగా సాధన చేశాను. కింద నిచ్చెన పట్టుకొన్న సరోజ, "జల్దీ కానియ్యి, చేతులు గుంజుతున్నయ్" అని పలుమార్లు కసిరింది.

అయినను పాట ముగిసేవరకు నిచ్చెన వదలలేదు.