పోయింది కరెంటు కాదు

వెల్లిచందై, ధర్మపురి జిల్లా, తమిళనాడు,
ఆగస్టు 2009

బెంగుళూరు కంపెనీలోకి పిల్లలను తీసుకునే జయప్రకాశ్ నాయనకు, కవిప్రియ అవ్వ దీవించి రాయించేది. రాసేది మా కోడలు. కుప్పం పిల్ల కాబట్టి తెలుగు రాయను వచ్చు.

జాంగో అనే కంప్యూటర్ విద్య నేర్చి, ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు చేసేవాళ్ళు కావాలని మీరు అడిగినారంట. మా మనవరాలు కవిప్రియ ఆ పనికి కంప్యూటర్ ముందర పరీక్షకు కూర్చుంది. మొదట మీరు అందులోనుంచి ఏదో ఇంగ్లీషులో మాట్లాడినారు. తర్వాత నువ్వు తెలుగులో, "రోజంతా ఇంట్లోనే ఉండగలవా అమ్మా? పొద్దుపోయినా పని చేస్తావా?" అన్నావు. మాకు గడప దాటితే అంతా అరవమే. బయటి మగవాడు తెలుగులో పలకరించినాడంటే పిల్లనడగను వచ్చినాడనే లెక్క. ఇంటిపేరు చెప్పకుండా, పెద్దవాళ్ళను అడక్కుండా పిల్లకు పనులు చెప్పేదెవడని నాకు మండింది. "కంప్యూటర్లో పెళ్ళిచూపులేందే!" అని ప్లగ్గు పీకేసినాను.

అది నన్ను ఒక్క మాట అనలేదు. నీకు మాత్రం కరెంటు పోయిందని చెప్పిందంట. కరెంటు నిలవని ఊరివాళ్ళతో మాకు కుదరదని నువ్వు వద్దన్నావని కోడలు చెప్తే తెలిసింది. ఆనాడు కరెంటు బాగానే ఉండింది నాయనా. తిట్టాలంటే నన్ను తిట్టు.

దాన్ని ఇంకొకసారి పిలువు. మీరు మాట్లాడేంతసేపు నేను చేని కాడ ఉంటాను. ఆనాడు ఏమైందని అడిగితే మళ్ళీ కరెంటే అంటుంది. అబద్ధాలాడే పిల్ల అనుకోవద్దు. అవ్వను పరాయివాళ్ళ ముందర తక్కువ చేయలేక అంటుంది.

ఇట్లు,
కవిప్రియ అవ్వ వేలిముద్ర